సుగ్గిబాటలో తెగుతున్న హైస్కూలు చదువు

ఆదోని: దీపావళి దాటి పత్తి తీతలు ముగింపునకు వచ్చేసరికి కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లోని పల్లెలు ఖాళీ కావడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, నందవరం, హొళగుంద, ఆలూరు, ఆస్పరి, దేవనకొండ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని మిరప కోతలకు తరలిపోతాయి. కొందరు గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలకు, మరికొందరు తెలంగాణకు, ఇంకొందరు భవన నిర్మాణ పనులకు బెంగళూరుకు వెళతారు. ఈ ప్రాంతంలో ఈ వలసకు సుగ్గి అని పేరు. కన్నడ సీమలో ఆ మాటకు కోతల కాలమని, పంట ఇంటికి వచ్చే పండుగ రోజులని అర్థం. ఇక్కడి పల్లెలకు మాత్రం అది ఇంటికి తాళం పడే కాలం. ఆ తాళంతోపాటే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల చదువుకూ తాళం పడుతోంది.

ఉన్నత పాఠశాల దశలో బడి మానేసేవారి సంఖ్యను తగ్గించేందుకు రెండు దశాబ్దాలకు పైగా ప్రభుత్వాలు పథకం మీద పథకం ప్రవేశపెడుతూ వచ్చాయి. మధ్యాహ్న భోజనం, ఉచిత పుస్తకాలు, సైకిళ్లు, బాలికలకు గురుకుల వసతి, తల్లుల ఖాతాలకు నగదు... దేన్నీ తీసిపారేయడానికి వీల్లేదు. అయినా పశ్చిమ మండలాల్లో ప్రతి డిసెంబరులో తరగతి గదులు పలుచబడుతూనే ఉన్నాయి. విద్యాశాఖ క్యాలెండరు జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. వర్షాధార నల్లరేగడి క్యాలెండరు వేరు. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే సమస్యకు మూలమన్న విషయం పథకాల రూపకల్పనలో ఎక్కడా కనిపించదు.

అంకెల్లో తగ్గుదల

దేశవ్యాప్తంగా చూస్తే పరిస్థితి మెరుగుపడిన మాట నిజం. 2000 దశకం తొలినాళ్లలో ఒకటో తరగతిలో చేరినవారిలో సగం మందికి పైగా పదో తరగతి వరకు రాకుండానే ఆగిపోయేవారు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ గణాంకాల ప్రకారం 2024-25లో సెకండరీ దశలో బడి మానేసినవారు 8.2 శాతం. అంతకుముందు ఏడాది ఇది 10.9 శాతం. అయితే ఈ అంకెలను పాత అంకెల పక్కన పెట్టి సంబరపడటంలో ఒక చిక్కుంది. 2022-23 నుంచి లెక్కించే పద్ధతి మారింది. అంతవరకు పాఠశాల మొత్తంగా ఇచ్చిన సంఖ్యలను కూడేవారు. ఇప్పుడు ఒక్కొక్క విద్యార్థి పేరున వివరాలు నమోదు చేస్తున్నారు. దొంగ పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు తొలగిపోవడం ఇందులోని మేలు. కానీ పాత, కొత్త అంకెలను ఒకే గీత మీద పెట్టి పోల్చడం సరికాదు.

జిల్లా విషయానికి వస్తే పునాదే బలహీనం. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 53 శాతం. 2011 నాటికి అది దాదాపు 60 శాతానికి చేరినా స్త్రీలలో చదవడం, రాయడం వచ్చినవారు సగానికి తక్కువే. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడటంతో ఆ తర్వాతి లెక్క లేదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరు జిల్లా అయింది. కుందూ, కేసీ కాలువల కింద నీటి వసతి ఉన్న తూర్పు ప్రాంతంలో అధిక భాగం అటు వెళ్లింది. వలస మండలాలన్నీ ఇటే మిగిలాయి. జిల్లా సగటు వెనుక కొంతకాలం దాగిన పశ్చిమ ప్రాంతపు వెనుకబాటు విభజన తర్వాత బట్టబయలైంది.

దానికి మొదటి నిదర్శనం పదో తరగతి ఫలితాలు. 2024 మార్చి పరీక్షల్లో రాష్ట్రంలో 86.69 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. 96.37 శాతంతో పార్వతీపురం మన్యం జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. చివరి స్థానం 62.47 శాతంతో కర్నూలుది. గిరిజన ప్రాంతమైన మన్యం ముందు నిలిచి, ఒకప్పుడు రాష్ట్ర రాజధానికి ఆతిథ్యమిచ్చిన కర్నూలు వెనుకబడటం అప్పట్లో చర్చకు దారితీసింది. ఆ చర్చ ఉపాధ్యాయుల పనితీరు దగ్గరే ఆగిపోయింది. డిసెంబరు నుంచి మార్చి వరకు ఎందరు పిల్లలు అసలు బడిలో ఉన్నారన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

పదిలో తప్పిన పిల్లవాడు పాఠశాల దృష్టిలో బడి మానేసినవాడు కాడు. చదువు ముగించుకొని టీసీ పట్టుకెళ్లినవాడే. ఆ మరుసటి సుగ్గికి అతడు పూర్తి కూలీగా బయలుదేరతాడు. హైస్కూలు చదువు తెగిపోవడం ఇక్కడ రెండు చోట్ల జరుగుతోంది: ఒకటి తొమ్మిదో తరగతిలో చడీచప్పుడు లేకుండా, రెండోది పదో తరగతి గడప మీద అందరూ చూస్తుండగా.

పద్నాలుగేళ్ల గండం

పిల్లలు ఆరేడు తరగతుల వరకు ఏదోలా నెట్టుకొచ్చి ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి ఎందుకు జారిపోతున్నారు? తల్లిదండ్రుల నిర్లక్ష్యమని తేల్చేయడం సులభం. లెక్క అంత సులభం కాదు. మిరప కోతలో కోసిన కాయను తూచి కూలి కట్టే పద్ధతి ఉన్నచోట చేతుల సంఖ్యే ఆదాయం. ఎనిమిదేళ్ల పిల్లవాడిని వెంట తీసుకెళితే తిండి ఖర్చు తప్ప ఒరిగేది లేదు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చిన పిల్ల అయితే దాదాపు పెద్దల పాటి పని చేస్తుంది. కల్లాల్లో తాలు కాయలు ఏరడానికి చిన్న చేతులే చురుకైనవన్న పేరు కూడా ఉంది. అంటే బడికి వెళ్లడం వల్ల కుటుంబం కోల్పోయే కూలి సరిగ్గా హైస్కూలు వయసులోనే ఒక్కసారిగా పెరుగుతుంది. ముఠా మేస్త్రీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు ఈ లెక్కను ఖాయం చేస్తుంది. అప్పుల వాయిదాలు, పెళ్లిళ్లు, విత్తనాల బాకీలు ఆ అడ్వాన్సుతో తీరతాయి. తీసుకున్నాక ఎన్ని చేతులు వస్తాయని మేస్త్రీ అడుగుతాడు, బడి ఎప్పుడు మొదలవుతుందని అడగడు.

సరిగ్గా ఆ వయసులోనే చట్టాలూ చేతులు ఎత్తేస్తున్నాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే వర్తిస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించింది. కుటుంబ పనులకు అందులో మినహాయింపు ఉంది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి నిషేధం ప్రమాదకర పనులకే పరిమితం. చదువుకునే హక్కు ముగిసేదీ, పనిచేసేందుకు అనుమతి మొదలయ్యేదీ ఒకే పుట్టినరోజున. తొమ్మిదో తరగతి విద్యార్థి వయసు సరిగ్గా అదే. పొలంలో పదేళ్ల పిల్ల కనిపిస్తే కార్మిక శాఖ అధికారి కేసు పెట్టగలడు. పదిహేనేళ్ల పిల్ల కనిపిస్తే నచ్చజెప్పి రావడం మినహా చేయగలిగింది స్వల్పం. చదువును పన్నెండో తరగతి వరకు హక్కుగా విస్తరించాలన్న సిఫారసు 2020 జాతీయ విద్యావిధానం స్ఫూర్తిలోనే ఉంది. పద్దెనిమిదేళ్ల వరకు విద్య అందరికీ అందాలని అది చెప్పింది గానీ చట్టం మాత్రం కదలలేదు.

చదువు రాక మానేసేవారు వేరే వర్గం. ప్రతి ఏటా మూడు నాలుగు నెలలు పోగొట్టుకొన్న పిల్లలు కూడా తరగతులు దాటుతూనే ఉంటారు. ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఆపకూడదన్న నిబంధన మంచి ఉద్దేశంతో వచ్చింది. ఫెయిలైన పిల్లలే ముందుగా బడి వదిలేస్తారన్న అనుభవం దాని వెనుక ఉంది. 2019లో చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు. ఆపినా, పంపినా పిల్లలకు పోయిన పాఠాలు తిరిగి చెప్పే ఏర్పాటు లేనంతవరకు ఫలితం ఒక్కటే. దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్లవారిలో నాలుగోవంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠం ధారాళంగా చదవలేకపోతున్నారని 2023లో అసర్ సర్వే తేల్చింది. అటువంటి విద్యార్థి తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం ముందు కూర్చొని ఏం చేయాలి? సుగ్గి అతడికి ఒకరకంగా విముక్తి. సరిహద్దు గ్రామాల్లో ఇంట్లో కన్నడం, ఆదోని పేటల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఈ భారం మరింత ఎక్కువ.

55 రోజుల లెక్క

తల్లుల ఖాతాలో నగదు జమచేసే పథకం 2020 జనవరిలో అమ్మఒడిగా మొదలైంది. ఏడాదికి రూ.15 వేలు, 75 శాతం హాజరు నిబంధన. కరోనా కాలంలో ఆ నిబంధనను సడలించినా 2022 విడత నుంచి అమలు చేశారు. ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే పిల్లలందరికీ దీన్ని విస్తరించారు. రూ.15 వేలలో రూ.2 వేలు పాఠశాల నిర్వహణకు పోగా రూ.13 వేలు తల్లికి చేరతాయి. పేద కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. పిల్లలను బడిలో చేర్పించడానికి ఇంతకంటే బలమైన ప్రోత్సాహం రాష్ట్రంలో మునుపెన్నడూ లేదు.

కానీ లెక్క చూడాలి. పాఠశాల ఏడాదికి 220 రోజులు పనిచేస్తుందనుకొంటే 75 శాతమంటే 165 రోజులు. 55 రోజులకు మించి రాని విద్యార్థికి నగదు రాదు. డిసెంబరు మొదట్లో వెళ్లి ఉగాదికి తిరిగివచ్చే కుటుంబపు పిల్లవాడు ఎనభైకి పైగా పనిదినాలు కోల్పోతాడు. అంటే బడి మానేసే ప్రమాదం ఎవరికి అత్యధికమో సరిగ్గా వారినే ఈ నిబంధన పక్కకు తోస్తోంది. ఏటా బడికి వెళ్లే పిల్లల తల్లికి బహుమానం, వెళ్లలేని పిల్లల తల్లికి జరిమానా. హాజరు వేయించి గట్టెక్కించే ఉపాధ్యాయులు కూడా ఉన్నారన్నది బహిరంగ రహస్యం. దానివల్ల డబ్బు దక్కుతుంది గానీ రిజిస్టరు అబద్ధం చెబుతుంది. ఆ రిజిస్టరును నమ్మి వేసే పథకం కూడా అబద్ధం మీదే నిలుస్తుంది.

డబ్బు వచ్చే నెల కూడా ఆలోచించదగినది. జూన్‌లో జమయ్యే మొత్తం విత్తనాలకు, ఎరువులకు, పాత బాకీలకు కరిగిపోతుంది. మేస్త్రీ అడ్వాన్సు వచ్చేది దసరా, దీపావళి మధ్య. ఇంట్లో రూపాయి లేని ఆ రోజుల్లోనే తల్లి నిర్ణయం తీసుకొంటుంది. అదే మొత్తంలో సగాన్ని నవంబరులో, పిల్లలు ఊళ్లో ఉన్నారని చూసి ఇస్తే ఆ నిర్ణయం మరోలా ఉండే అవకాశముంది. పైసా అదనపు వ్యయం లేని మార్పు ఇది. ఒకేరోజు రాష్ట్రమంతటా మీట నొక్కే వేడుకకు మాత్రం కొంత లోటు వస్తుంది.

బడిబాట కార్యక్రమాల తీరూ ఇంతే. 2000 దశకంలో మళ్లీ బడికి, చదువుల పండుగ వంటి పేర్లతో సాగినవి, ఆ తర్వాత మారిన పేర్లతో సాగుతున్నవి అన్నీ జూన్‌లోనే. అప్పుడు పల్లెలో అందరూ ఉంటారు, అందరూ చేరతారు. ర్యాలీలో ప్లకార్డులు పట్టుకొని నడిచేది అప్పటికే బడిలో ఉన్న పిల్లలే. జనవరిలో ఊరు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరూ ర్యాలీ తీయరు.

ఆలస్యంగా తెరుచుకొనే వసతి గృహాలు

వలస కుటుంబాల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు ఏర్పాటు చేయడం ఈ జిల్లాకు కొత్త కాదు. తల్లిదండ్రులు పనులకు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి, బడిలోనో పక్క భవనంలోనో తిని పడుకొని చదువు కొనసాగించడం దీని ఉద్దేశం. ఆలోచన మంచిది, నిరూపితమైనది. అమలు దగ్గరే గాడి తప్పుతోంది. గ్రామాల వారీగా వలస జాబితా తయారు కావాలి, ప్రతిపాదన వెళ్లాలి, అనుమతి రావాలి, బడ్జెట్ విడుదల కావాలి. ఇవన్నీ పూర్తయ్యేసరికి తరచూ సంక్రాంతి వస్తుంది. పిల్లలు అప్పటికే పల్నాడులో పట్టలు కప్పిన గుడారాల్లో ఉంటారు. ఏటా అవే ఊళ్లు, దాదాపు అవే కుటుంబాలు, అదే నెల. అయినా ప్రతిసారీ మొదటిసారి వచ్చిన ఉపద్రవంలా దస్త్రం కొత్తగా కదలడం విచారకరం. గత ఏడాది హాజరుపట్టీనే ఈ ఏటి జాబితాగా తీసుకొని అక్టోబరులోనే తలుపులు తెరిస్తే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం వయసుకు సంబంధించినది. ఈ వసతి ప్రధానంగా ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారిని దృష్టిలో పెట్టుకొని రూపొందింది. 2018లో సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక శిక్షా అభియాన్‌ను కలిపి సమగ్ర శిక్షగా మార్చాక పన్నెండో తరగతి వరకు ఒకే గొడుగు కిందికి వచ్చింది. ఆచరణలో తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల వసతి ఇంకా ఉపాధ్యాయుల చొరవ, దాతల దయ మీదే ఆధారపడి ఉంది. పది పరీక్షల ముందు కొందరు ప్రధానోపాధ్యాయులు బడిలోనే రాత్రి బస ఏర్పాటు చేసి, సొంత డబ్బుతో భోజనం పెట్టి పిల్లలను నిలుపుకొన్న సందర్భాలు ఈ ప్రాంతానికి తెలుసు. మంచి మనుషులున్న చోట మాత్రమే నడిచే దాన్ని ఏర్పాటు అనలేం.

వెంట వెళ్లిన పిల్లల సంగతి మరీ అన్యాయం. వారు చేరిన జిల్లాలోనూ బడి ఉంది, మధ్యాహ్న భోజనమూ ఉంది. టీసీ లేదన్న కారణంతో పిల్లవాడిని తిప్పి పంపకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. అయితే మూడు నెలల కోసం చేరే విద్యార్థి ఆ బడికి అతిథి, సొంత బడికి గైర్హాజరు. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ శాశ్వత సంఖ్య ఉంది, అపార్ పేరిట పన్నెండంకెల గుర్తింపు ఉంది. కౌతాళంలో నమోదైన విద్యార్థి జనవరిలో పల్నాడు బడిలో కూర్చొంటే ఆ హాజరు సొంత బడి ఖాతాలో పడేలా చూడటం సాంకేతికంగా కష్టం కాదు. రెండు జిల్లాల విద్యాధికారులు ఒక్కసారి కూర్చొని మాట్లాడుకోవలసిన పని ఇది.

ఆడపిల్ల చదువు

సుగ్గికి వెళ్లినా, ఇంటి దగ్గర జేజి వద్ద మిగిలినా ముందుగా ఆగేది ఆడపిల్ల చదువే. తల్లి పొలంలో ఉంటే గుడారంలో వంట, చంటిబిడ్డ ఆలన పెద్దకూతురివి. ఊళ్లో మిగిలితే చిన్నవాళ్ల బాధ్యతతోపాటు జేజి మంచితనం మీద ఆధారపడిన కాపలా. ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా వదిలి వెళ్లడానికి తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయానికి పల్లెలు చాలాకాలంగా కనుగొన్న పరిష్కారం పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే వివాహమైంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చి పదిహేనేళ్లు గడిచాక తేలిన లెక్క అది.

ఊరికి హైస్కూలు లేకపోవడం ఇంకో అడ్డంకి. ప్రాథమిక పాఠశాల గడప దగ్గరుంటుంది. హైస్కూలు పక్క ఊళ్లోనో, మండల కేంద్రంలోనో ఉంటుంది. బస్సు ఉన్న ఊళ్లు కొన్ని, ఆటో ఉన్నవి కొన్ని. 2017లో బడికొస్తా పేరిట బాలికలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చినప్పుడు ఈ లోటు కొంత తీరింది. అటువంటి పథకం ప్రభుత్వాలు మారినా కొనసాగాలి. తొమ్మిదో తరగతికి వచ్చే బాలికలు ప్రతి ఏడాదీ కొత్తవారే కదా.

బాలికల విషయంలో నిజంగా ఫలితమిచ్చిన ఏర్పాటు ఒకటుంటే అది కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయమే. 2004లో మొదలైన ఈ గురుకులాలు తొలుత ఎనిమిదో తరగతి వరకే. తర్వాత పదికి, అనంతరం ఇంటర్మీడియట్‌కు విస్తరించాయి. రాష్ట్రంలో 352 ఉన్నాయి. సుగ్గితో వీటికి సంబంధం లేదు. తల్లిదండ్రులు ఎక్కడున్నా అమ్మాయి బడిలోనే ఉంటుంది, తింటుంది, చదువుతుంది. కానీ ఆరో తరగతికి 40 సీట్లు. వలస మండలంలో ఒక్క పెద్ద ఊరి అవసరమే అంతకు మించి ఉంటుంది. సీటు దక్కని అమ్మాయికి దారేదన్న ప్రశ్నకు సమాధానం లేదు. కొత్త పథకం కనిపెట్టేకంటే వలస మండలాల్లో ఈ సీట్లను రెట్టింపు చేయడం సులభం, చవక కూడా.

మరో ప్రయత్నాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన కల్యాణమస్తు, షాదీ తోఫా పథకాల్లో వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్న షరతు పెట్టారు. పెళ్లికి ఇచ్చే సాయాన్ని చదువుకు ముడిపెట్టడం తెలివైన ఆలోచన. పది పాసయ్యే మార్గాన్ని సుగమం చేయకుండా పెట్టిన షరతు మాత్రం చదువురాని ఇళ్లనే సాయానికి దూరం చేసింది. 75 శాతం హాజరు నిబంధన చేసిన పనే ఇదీ చేసింది.

నంద్యాల చేలు నేర్పిన పాఠం

పనిలోంచి పిల్లలను బడికి తేవడం అసాధ్యమని నిరాశపడనవసరం లేదు. ఇదే ఉమ్మడి జిల్లాలో నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతాల హైబ్రిడ్ పత్తి విత్తన క్షేత్రాలు 1990 దశకం నుంచి బాలికల శ్రమ మీద నడిచాయి. పువ్వును చేత్తో గిల్లి పుప్పొడి అద్దే పని నెలల తరబడి సాగేది. ఎత్తు తక్కువగా ఉన్న ఆడపిల్లలే దానికి తగినవారని చెప్పి, తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి కుదుర్చుకొనేవారు. 2000 దశకం తొలినాళ్లలో పరిశోధకుల నివేదికలు, స్వచ్ఛంద సంస్థల ఆందోళన, విదేశాల్లో వచ్చిన విమర్శ కలిసి విత్తన కంపెనీలపై ఒత్తిడి తెచ్చాయి. పొలాల తనిఖీలు, పిల్లలు లేని రైతుకు ప్రోత్సాహకం, వంతెన పాఠశాలలు వచ్చాయి. సమస్య పూర్తిగా మాయం కాలేదు, కొంతమేర ఇతర ప్రాంతాలకు తరలింది కూడా. కానీ చిన్నపిల్లలను చేలో చూడటం సహజమన్న భావన ఆ గ్రామాల్లో సడలింది.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిచేసిన ఎంవీ ఫౌండేషన్ అనుభవం కూడా అదే చెప్పింది. పేదరికం పోయాకే పిల్లలు బడికి వస్తారన్న వాదనను ఆ సంస్థ తోసిపుచ్చింది. పనిలో ఉన్న పిల్లలను వసతి శిబిరాల్లో చేర్చి, కొన్ని నెలల్లో వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి పంపింది. ఊరంతటినీ ఒప్పించడం మీదే అది ఎక్కువ శ్రమ పెట్టింది. ఆ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు లభించింది. నంద్యాలలోనూ, రంగారెడ్డిలోనూ కనిపించే తేడా ఒకటే. పత్తి విత్తనానికి జవాబుదారీ అయిన కొనుగోలుదారు ఉన్నాడు, ఒత్తిడి పెట్టడానికి ఒక చిరునామా దొరికింది. మిరప కోతకు అటువంటి చిరునామా లేదు. వేలాది రైతులు, వందలాది మేస్త్రీలు. అందువల్ల భారం గమ్యస్థానం మీద కాక బయలుదేరే పల్లె మీదే పడుతోంది.

నీరుంటే బడి

బయలుదేరే పల్లెలో పని ఎందుకు లేదన్నది విద్యాశాఖ పరిధి దాటిన విషయం. అయినా దాన్ని వదిలేసి బడి గురించి మాట్లాడటం వృథా. తుంగభద్ర ఈ మండలాల అంచునే పారుతుంది. తుంగభద్ర జలాశయం సామర్థ్యం 133 టీఎంసీల నుంచి పూడిక వల్ల 105కు పడిపోయింది. దిగువ కాలువ చివరి ఆయకట్టుకు నీరు చేరడం ఏటా సందేహమే. వాన మీద వేసిన పత్తి, వేరుశనగ చేతికొచ్చినా రాకపోయినా నవంబరు తర్వాత చేలో పని ఉండదు.

2006 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం ఈ వలసను ఆపుతుందని ఆశించారు. వేసవి పనులకు అది ఆదుకొంది. సుగ్గిని ఆపలేకపోయింది. మేస్త్రీ ముందే డబ్బు చేతిలో పెడతాడు, ఉపాధి కూలి పనిచేసిన వారాల తర్వాత ఖాతాలో పడేది. ఆ చట్టం స్థానంలో ఏడాదికి 125 రోజుల పనికి హామీ ఇచ్చే కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. ఆ రోజుల్లో ఎన్ని డిసెంబరు, జనవరి నెలల్లో ఈ మండలాలకు దక్కుతాయన్నదే ఇక్కడి కుటుంబాలకు కావలసిన సమాచారం.

మార్చి పరీక్ష

పదో తరగతి పరీక్షలు ఏటా మార్చిలో జరుగుతాయి. మిరప కోతలు ముమ్మరంగా సాగేదీ అప్పుడే. పరీక్ష ఫీజు కట్టి, నామినల్ రోల్‌లో పేరు ఎక్కి, హాల్‌టికెట్ కూడా వచ్చిన విద్యార్థి కోసం ఫిబ్రవరిలో ఉపాధ్యాయులు ఫోన్లు చేయడం పశ్చిమ మండలాల్లో మామూలు దృశ్యం. కొందరు తండ్రులు రాత్రి రైలెక్కించి కోసిగిలోనో, మంత్రాలయం రోడ్డులోనో దింపి వెళతారు. పరీక్ష పరీక్షకూ మధ్య జేజి ఇంట్లో ఉండి, చివరి పేపరు రాసి మళ్లీ రైలెక్కుతారు. మూడు నెలలుగా పుస్తకం ముట్టని పిల్లలు లెక్కల పేపరులో తప్పితే ఆశ్చర్యం లేదు. పల్నాడు, గుంటూరు కేంద్రాల్లో వీరు పరీక్ష రాసే వెసులుబాటుంటే రైలు ఖర్చు మిగిలేది, సెలవు రోజున చదువుకొనే వీలుండేది.

తప్పినవారికి 2023-24లో ప్రభుత్వం మళ్లీ అదే బడిలో రెగ్యులర్ విద్యార్థిగా చేరే అవకాశం కల్పించింది. ప్రైవేటు అభ్యర్థిగా ఒంటరిగా మిగిలిపోయే పిల్లలకు అది చాలా మేలైన నిర్ణయం. కానీ జూన్‌లో మళ్లీ చేరిన విద్యార్థి డిసెంబరులో మళ్లీ వెళ్లిపోతే ఏడాది తిరిగొచ్చిందే తప్ప చదువు తిరిగిరాలేదు. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది పూర్తిచేసే మార్గం కూడా ఉంది. సమగ్ర శిక్ష కింద 16 నుంచి 19 ఏళ్ల బడిబయటి పేద యువతకు ఏడాదికి రూ.2 వేల వరకు ఖర్చులు భరించే వెసులుబాటూ ఉంది. దాని సంగతి సుగ్గికి వెళ్లే గుడారాల్లో ఎందరికి తెలుసన్నది మండల విద్యాధికారులు విచారించవలసిన అంశం.

ఫలితాలు వచ్చేది ఏప్రిల్ చివర్లో. 2025లో ఏప్రిల్ 23న విడుదలయ్యాయి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే 19న మొదలయ్యాయి. ఫీజు కట్టడానికి మధ్యలో దొరికే గడువు కొద్ది రోజులే. మిరప చివరి కోతలు ముగియని కుటుంబాలు అప్పటికి ఇంకా ఊరు చేరవు. ఫెయిలైన సంగతి పొలం గట్టు మీద సెల్‌ఫోన్‌లో తెలుసుకొన్న విద్యార్థి తరఫున ఫీజు ఎవరు కడతారో, అతడి పేరు సప్లిమెంటరీ జాబితాలో ఉంటుందో లేదో ఆ వారంలో తేలుతుంది.